వాడి బదులు మీరు

పోయిన వారం స్టీఫెన్‌ని ప్రార్థన గుడి మెట్ల మీద వదిలేసి వచ్చాం. మిట్టమధ్యాహ్నపు ఎండలో, కాళ్లకు చెప్పులైనా లేకుండా, నాలుక పిడచకట్టుకుపోయి నిలబడి ఉన్నాడు. అయ్యో పాపం అనాలో, చేసుకున్నవాడికి చేసుకున్నంత అనాలో మీకు తేలి ఉండదు. రాస్తున్న నాకూ తేలలేదు.

గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడటం ఆ సంఘంలో తాతల నాటి ఆనవాయితీ. ఎవరికి ఏ మాటన్నది సొలొమోను పాస్టరుగారు పంచుతారు. ఈసారి స్టీఫెన్ వంతుకి ఐదో మాట పడింది. దాహమని ప్రభువు అడిగిన మాట. స్టీఫెన్ మైకు ముందుకి వెళ్లాడు. గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఆడవాళ్ల వరసలో, కొంగు తల మీదికి లాక్కుని కూచున్న నాగలక్ష్మి కనపడింది. అంతే, ఒక్క ముక్క మాట్లాడకుండా దిగి బయటికి నడిచాడు. ఎండదెబ్బ అనుకున్నారు జనం. ఎవరో చెంబుతో మజ్జిగ కూడా పట్టుకొచ్చారు.

ఎండదెబ్బ కాదని మనకు తెలుసు. మూడేళ్ల కిందట, చెరుకు కొట్టే రోజుల్లో, ఎదుటి మనిషి కనపడని మంచులో, ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలుతున్న స్టీఫెన్ ట్రాక్టరు దారిలో మొరాయించింది. దాని వెనక తగిలించిన ట్రక్కుకి లైటు లేదు. లైటు లేని ట్రక్కులకి చెరుకు చివర తెల్ల యూరియా గోతం ఒకటి వేలాడగట్టుకోవడం డ్రైవర్ల అలవాటు. వెనక వచ్చేవాడి దీపం దాని మీద పడి మెరుస్తుంది, వాడు పక్కకి తప్పుకుంటాడు. ఆ తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంటే స్టీఫెన్ ఆ గోతం విప్పి భుజాల మీద కప్పుకున్నాడు. బందరు వైపు నుంచి చేపల పెట్టెతో మోపెడ్ మీద వస్తున్న కాశీరావుకి ట్రక్కు కనపడలేదు. కాసేపటికి స్టార్టయిన ట్రాక్టరు తోలుకుని స్టీఫెన్ వెళ్లిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న చెరుకు గడలు చూసి, గుద్దింది చెరుకు ట్రక్కునే అని ఊరు తేల్చింది గానీ, ఆ సీజన్లో ఆ రోడ్డున ట్రక్కు తోలనివాడెవడు? ఎవడని పట్టుకుంటారు?

ఆ కాశీరావు భార్యే నాగలక్ష్మి. మొగుడు పోయిన దెబ్బకి ఆమె కడుపులో ఉన్న బిడ్డ కూడా నిలవలేదు. పచ్చి బాలింతలా ఒళ్లు తూలుతున్నా రోడ్డు దాకా నడిచి వెళ్లి, కాశీరావు పడిన చోట మట్టి తీసి పసుపుగుడ్డలో మూటగట్టింది. గంగమ్మ తల్లి గుడి ముందు నిలబడి, ఊరంతా వింటుండగా, నా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినపడకుండా చేసినవాడి ఇంట్లో కూడా అది వినపడకూడదు అంది. ఆ మూట తెచ్చి తన ఇంటి దూలానికి కట్టింది.

అప్పట్నించీ స్టీఫెన్ భార్య రూతమ్మకి రెండు కాన్పులు పోయాయి. ఇది మూడోది. ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉందనీ, మంచం దిగొద్దనీ విజయవాడలో డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. రూతమ్మకి సంగతేమీ తెలియదు. అందుకే ఆవిడ హాయిగా నిద్రపోతోంది. స్టీఫెన్ మాత్రం ఆమె పొట్ట వైపు చూసినప్పుడల్లా నాగలక్ష్మి ఇంటి దూలానికి వేలాడుతున్న మూటని చూస్తున్నాడు.

ఇక ఈ వారం సంగతి.

మర్నాడు, శనివారం పొద్దున్నే సొలొమోనుగారు సైకిలు మీద వచ్చారు. అరవై దాటిన మనిషి. తిట్టినా గొంతు పెరగదు, మెచ్చుకున్నా పెరగదు. వద్దన్నా వినకుండా లేచి రూతమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, తాగునీటి చెరువులు నింపడానికి కాలవకి నీళ్లొదిలారనీ, ఈస్టరు పొద్దున బాప్తిస్మాలకి ఇబ్బంది లేదనీ, కిందటేడు ఇదే రోజుకి కాలవ ఎండిపోయి సిమెంటు తొట్టిలో ముంచాల్సొచ్చిందనీ కబుర్లు చెప్పారు. రూతమ్మ లోపలికి వెళ్లాక గ్లాసు కింద పెట్టారు. స్టీఫెన్ చటుక్కున లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే స్థితిలో ఉన్నాడు పాపం, ఎవరూ ఏమీ అనకపోయినా.

నీ మనసులో ఏదో ఉంది అన్నారు ఆయన. అదేమిటని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేసేవాడేమో, లేదా అబద్ధం ఆడేసేవాడేమో. రెండింటికీ అవకాశం ఇవ్వలేదు ఆయన.

"మీరు నా కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ. నాకది చాలు" అన్నాడు స్టీఫెన్.

"చేస్తూనే ఉన్నాను నాయనా. కానీ నీకాకలేస్తే నేను అన్నం తింటే తీరుద్దా? నీ బదులు నేను పశ్చాత్తాపపడలేను. దేవుడు కూడా నిన్ను మెడబట్టి లాక్కెళ్లడు. లాక్కెళ్తే అది నువ్వు రావడం అవదు కదా."

పుట్టు క్రైస్తవుడు స్టీఫెన్. తాత సంఘానికి పునాదిరాయి మోసినవాడు, తండ్రి చచ్చేదాకా సంఘ పెద్ద. పదిహేనో ఏట తోటి పిల్లలంతా కాలవలో దిగుతుంటే తనూ దిగాడు. ముంచారు, లేచాడు. కొత్త ప్యాంటు తడిసిందని ఆ రోజంతా దిగులుపడ్డాడు. అంతకు మించి ఆ రోజు గురించి అతనికేమీ గుర్తులేదు. దేవుణ్ణి అతను ఎన్నుకోలేదు, ఇంటిపేరుతో పాటు వచ్చాడు అంతే. ఇప్పుడు నలభై దగ్గర పడుతుండగా అతనికి మొదటిసారి భయమేస్తోంది, ఆయన నిజంగా ఉన్నాడేమోనని.

సైకిలెక్కుతూ అయ్యగారు ఇంకో మాట చెప్పారు. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లు ముందురోజు ఊళ్లో ఎవరితో పేచీ ఉన్నా వెళ్లి సమాధానపడి రావాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. రేపు బాప్తిస్మం తీసుకోబోతున్న నాగలక్ష్మి తెల్లారినప్పట్నించీ ఇల్లిల్లూ తిరుగుతోందట. ఇలాంటి పట్టుదల గల మనిషిని తను ఈ మధ్య చూడలేదన్నారు.

మన ఇంటికి రావాల్సిన పని లేదు కదా, మనతో ఆమెకి పేచీ ఏముంది అని స్టీఫెన్ తనకి తనే చెప్పుకున్నాడు. చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఎండ వాలుతుండగా పెరట్లో ట్రాక్టరుకి గ్రీజు పెడుతున్నాడు. సీజన్ అయిపోయింది, బండి కదిలే పని లేదు. ఊరికే కూచోలేక పని కల్పించుకున్నాడు. గేటు చప్పుడైంది. తలెత్తి చూస్తే నాగలక్ష్మి. చెమటకి జాకెట్టు తడిసిపోయి ఉంది, కాళ్ల నిండా దుమ్ము. ఒక చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులోంచి రేపటి కోసం విజయవాడ వన్ టౌన్‌లో కొన్న కొత్త తెల్ల చీర అంచు కనపడుతోంది. రెండో చేతిలో పసుపుగుడ్డ మూట.

స్టీఫెన్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? పారిపోదామంటే ఆమె గేటు దగ్గరే ఉంది, లోపలికి పోదామంటే రూతమ్మ ఉంది. గ్రీజు డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అన్నయ్యగారూ, వదినగారు లోపలున్నారా? కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా? నోరెండిపోతోంది."

అతను కదల్లేదు. ఆ మాట అతని చెవిన పడింది, కాళ్ల దాకా మాత్రం రాలేదు. రెండోసారి అడగాల్సి వచ్చేదే, ఈలోగా రూతమ్మే మంచం దిగి, నడుం మీద చెయ్యేసుకుని, స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఈయనకి ఈ మధ్య పరధ్యానం ఎక్కువైందమ్మా, పెళ్లాం పిలిచినా ఇంతే అని నవ్వుతూ సర్దేసింది. నాగలక్ష్మి గటగటా తాగి, అడుగున గుక్కెడు మిగిలిన గ్లాసుని అరుగు మీద పెట్టి, పక్కనే తనూ కూలబడింది. రూతమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుంది.

నాగలక్ష్మి తిరిగిన ఇళ్ల కబురంతా చెప్పింది. చేపల మార్కెట్లో చోటు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న సుబ్బరత్నం దగ్గరికి వెళ్లిందట. సుబ్బరత్నం అసలు ఆ గొడవే మర్చిపోయి, ఇప్పుడు గుర్తుచేశావు కాబట్టి మళ్లీ కోపమొస్తోంది పో అందట. రూతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అత్త కొండలమ్మ కాళ్లకి కూడా దణ్ణం పెట్టిందట. కోడలు గుడి మారిందని ఆవిడకి లోపల కష్టంగానే ఉంది. అయినా, నీ దేవుడు నీకు, నా గంగమ్మ నాకు, అన్నం మాత్రం ఒక్క కుండలోదే తిందాం అందట. చెబుతూ నాగలక్ష్మి కళ్లు తుడుచుకుంది.

స్టీఫెన్‌కి ఈ కబుర్లేవీ తలకెక్కడం లేదు. అతని చూపంతా ఆమె ఒళ్లో ఉన్న మూట మీదే ఉంది. అరచేతిలో పట్టేంత మూట. పసుపు వెలిసిపోయి పొగచూరింది. ముడి మాత్రం బిగిసే ఉంది.

"అందరూ అయిపోయారు అన్నయ్యగారూ. ఒక్కడే మిగిలాడు. వాడెవడో నాకు తెలీదు."

తెలీదు అంది. తెలీదు అంది కదా అనుకున్నాడు స్టీఫెన్.

అయ్యగారిని అడిగిందట, తెలియనివాణ్ణి ఎట్టా క్షమించాలని. మనసులో అనుకో, దేవుడు వింటాడు అన్నారట ఆయన. కానీ ఆమెకి అది చాల్లేదు.

"నేను మనసులో తిట్టుకోలేదు కదండీ. గుడి ముందు నిలబడి నోరారా శపించాను. పెట్టిన నోటితోనే తీసెయ్యాలి. గాల్లోకి చెప్తే నాకు తృప్తి ఉండదు. ఒక మనిషి మొహంలోకి చూసి చెప్పాలి. వాడూ ట్రాక్టరు డ్రైవరే, మీరూ ట్రాక్టరు డ్రైవరే. వాడి బదులు మీరు నిలబడండి. నేను చెప్పేది వాడి తరఫున వినండి. చివర్లో ఊఁ అనండి, చాలు."

ఊళ్లో ఇంకా డ్రైవర్లున్నారు కదా అన్నాడు స్టీఫెన్. జానకిరామ్ ఉన్నాడు, తనకన్నా పెద్దవాడు, మంచివాడు అన్నాడు. మాట మాటకీ గొంతు చిన్నదైపోయింది. నాగలక్ష్మి తల అడ్డంగా ఊపి, పెరట్లో ఉన్న ట్రక్కు వైపు చెయ్యి చూపించింది.

ఆ ట్రక్కు సంగతి ఊరందరికీ తెలుసు. వెనక తలుపు మీద, పక్కల మీద, చక్రాల మీద కూడా మెరిసే ఎర్ర స్టిక్కర్లు. నాలుగు వెనక లైట్లు. ఇదేం బండిరా, పెళ్లి ఊరేగింపా అని తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తుంటారు. ఆ లైట్లలో ఒక్క బల్బు మాడిపోయినా స్టీఫెన్ బండి కదపడు.

"ఈ చుట్టుపక్కల మీ అంత జాగ్రత్త గల డ్రైవరు లేడండీ. రోడ్డు మీద మీ ట్రక్కు కనపడ్డప్పుడల్లా అనుకునేదాన్ని, ఆ రోజు ఈయన బండయ్యుంటే మా ఆయన బతికేవాడు కదా అని. అందుకే మీ దగ్గరికొచ్చాను. మంచివాడి మొహంలోకి చూస్తే చెడ్డవాణ్ణి క్షమించడం కొంచెం తేలికవుద్ది."

"నిలబడండి, పోయేదేముంది?" అంది గుమ్మంలోంచి రూతమ్మ. ఆమెకి కళ్లు చెమర్చాయి. భర్తని ఇంత నమ్మి వచ్చినందుకు గర్వంగా కూడా ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్టీఫెన్ గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి ట్రక్కు వెనక నిలబడ్డాడు. ఎందుకు అక్కడే నిలబడ్డాడో అతనికే తెలియదు. నాగలక్ష్మి లేచి ఎదురుగా వచ్చింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. తెరిచిన కళ్లలో అన్నయ్యగారు లేరు. ఆమె నిజంగానే వాణ్ణి చూస్తోంది.

"నువ్వెవడివో నాకు తెలీదు" అంది. "నీకు పెళ్లాం ఉందో, పిల్లలున్నారో తెలీదు. ఉండకూడదని కోరుకున్నాను. రోజూ పొద్దున్నే లేచి ఈ మూట వంక చూసి అదే కోరుకునేదాన్ని. గంగమ్మ తల్లి నా మాట విందో లేదో నాకు తెలీదు. ఏ తల్లినీ అడగాల్సిన కోరిక కాదది. ఎక్కడో నీ ఇంట్లో ఒక పసిబిడ్డ పుట్టకుండానే పోయుంటే ఆ పాపం నాది అని ఒకనాడు భయమేసింది. ఆ భయంతోనే ప్రార్థన గుడిలో వెనక బెంచీ మీద కూచోడం మొదలుపెట్టాను. అంతేగానీ నన్నెవరూ పిలవలేదు."

స్టీఫెన్ ట్రక్కు తలుపు గొలుసు పట్టుకున్నాడు. అది గలగలమంది.

"నా శాపం నేను తీసుకుంటున్నా. నీ ఇంట్లో బిడ్డ ఏడవాలి. నువ్వు నిద్రలేచి ఎత్తుకోవాలి. నీ మీద నాకు పగ లేదు."

వేళ్లతో ముడి తీయబోతే రాలేదు. పంటితో పట్టి లాగింది. మూట విడింది. లోపల మట్టి గట్టిపడి గడ్డకట్టి ఉంది. అది కుడిచేతి అరచేతిలోకి తీసుకుని, గుడ్డ ఎడమచేతిలో పట్టుకుని, అప్పుడు ఆమె మొహం మళ్లీ మామూలు మొహమైంది. పెద్ద బరువు దింపుకున్న మనిషిలా ఊపిరి వదిలింది.

"ఇక ఊఁ అనండి అన్నయ్యగారూ. ఈ మట్టి రేపు కాలవలో కలిపేస్తాను."

స్టీఫెన్‌కి ముందు కలిగింది సంతోషమే. ఎందుకు దాచాలి? దూలానికి వేలాడిన ముడి విడిపోయింది. పెట్టిన నోరే వెనక్కి తీసుకుంది. రూతమ్మ కడుపులో బిడ్డకి ఇక భయం లేదు. ఊఁ అనడం ఎంత పని? పెదవులు కూడా విప్పక్కర్లేదు. ఆమె రేపు చల్లగా నీళ్లలో మునిగి లేస్తుంది, రూతమ్మ వచ్చే నెల ఆడపిల్లనో మగపిల్లాణ్ణో కంటుంది, ఎవరికీ ఎప్పటికీ ఏమీ తెలియదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు కాదిది, లోకమే కళ్లు మూసుకుని పాలగిన్నె అతని ముందుకు జరిపింది.

ఆ సంతోషం వెనకాలే ఇంకో భయం వచ్చింది. అది ఇన్నాళ్ల భయంలాంటిది కాదు.

ఇన్నాళ్లూ దేవుడి ముందు అతను ఏడ్చిన ఏడుపంతా ఈ మూట గురించే. బిడ్డని బతికించు, ఏం చేయమన్నా చేస్తానని మొక్కాడు. ఉపవాసాలున్నాడు. ట్రక్కుకి స్టిక్కర్లంటించాడు. అదంతా పశ్చాత్తాపమే అనుకున్నాడు. ఇప్పుడు మూట విడిపోయింది కదా అని లోపలికి చూసుకుంటే, ఆ ఏడుపు టక్కున ఆగిపోయి ఉంది. కాశీరావు కోసం తను ఒక్కసారి కూడా ఏడవలేదని అప్పుడు తెలిసింది. శాపానికి భయపడ్డాడు తప్ప చేసినదానికి సిగ్గుపడలేదు. ఇప్పుడు తనని తోసేది ఏదీ లేదు. శాపం లేదు. పోలీసులు లేరు. అయ్యగారు చెప్పినట్టు దేవుడు కూడా మెడబట్టి లాగడం లేదు. ఏం చేసినా తనే చేయాలి. చేయకపోతే ఎవరూ అడగరు, చచ్చేదాకా అడగరు. ఆ ఖాళీ చూసి అతనికి కళ్లు తిరిగాయి.

పోనీ చెబితే? మట్టి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గుడ్డ రెండో చేతిలో ఉంది. విప్పిన ముడి మళ్లీ వేయడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పటిదాకా ఆమె పేరు తెలియనివాణ్ణి శపించింది. ఇకమీద పేరు పెట్టి శపిస్తుంది, ఎదురుగా కుర్చీలో కూచున్న రూతమ్మ పొట్టని చూస్తూ శపిస్తుంది. రూతమ్మ అది వింటుంది. ఆమెకి బీపీ ఉంది.

రూతమ్మ వైపు చూశాడు. ఊఁ అనండి, ఏంటి ఆలోచన అన్నట్టు ఆమె తలూపింది.

అతను నోరు తెరిచాడు. ఊఁ అందామనే తెరిచాడు. ఆ విషయం నేను మీ దగ్గర దాచను. కానీ ఊఁ అంటే, ఈ మనిషి ఎవరికిస్తోందో తెలియకుండా చాపిన చేతిలోంచి లాక్కుని జేబులో వేసుకున్నట్టే అనిపించింది. ఒకసారి ఆమె దగ్గర్నించి ఆమె మొగుణ్ణి లాక్కున్నాడు. ఇప్పుడు ఆమె క్షమాపణ కూడా లాక్కోవాలా?

"వాడి బదులు నేను నిలబడలేనమ్మా" అన్నాడు.

"ఎందుకండీ?"

"వాడు నేనే."

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది. అతను అటు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. తలొంచుకుని, ట్రక్కు గొలుసుని పట్టుకునే, చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. మంచు సంగతి చెప్పాడు. లైటు లేని సంగతి చెప్పాడు. గోతం విప్పి కప్పుకున్న సంగతి చెప్పాడు. అది మామూలు యూరియా గోతమనీ, కప్పుకున్నా చలేమీ తగ్గలేదనీ కూడా చెప్పాడు. ఆ ఆఖరి ముక్క ఎందుకు చెప్పాడో, అది చెప్పాకే అతనికి ఏడుపొచ్చింది. మూడేళ్లలో మొదటిసారి కాశీరావు కోసం వచ్చిన ఏడుపు అది.

నాగలక్ష్మి అరవలేదు. జుట్టు పట్టుకోలేదు. అలా చేస్తే అతనికి తేలికయ్యేది. ఆమె మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. అరచేతిలో మట్టి మీద వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని గుప్పిట అయింది. ఆమె ట్రక్కు మీది ఎర్ర స్టిక్కర్లన్నీ ఒకసారి చూసింది, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

ఈసారి అన్నయ్యగారూ అనలేదు.

"దిగి చూశారా?"

"చూశాను."

"అప్పటికి ప్రాణం ఉందా?"

ఇక్కడ స్టీఫెన్‌కి ఇంకో దారి కనపడింది. లేదు అంటే చాలు. లేదమ్మా, పడగానే పోయాడు, ఏమీ తెలియలేదు. అది అందరికీ మంచి చేసే అబద్ధం. ఆమె రాత్రిళ్లు నిద్రపోతుంది. తన తప్పు సగానికి సగం తగ్గుతుంది. గోతం కప్పుకోవడం పొరపాటు, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత జరిగింది పొరపాటు కాదు. దాన్ని అతను దేవుడికి కూడా చెప్పుకోలేదు. శుక్రవారం మైకు ముందు గొంతు మూసేసింది అదే. ఇంతదాకా ఒప్పుకున్నవాడు ఈ ఒక్కటీ దాచుకుంటే తప్పేముందని లోపల్నుంచి ఎవరో ఎంతో దయగా నచ్చజెబుతున్నారు. ఆ దయ చూసే అతనికి వణుకు పుట్టింది.

"ఉంది" అన్నాడు.

రూతమ్మ లేచి గుమ్మం పట్టుకుంది. ఏమండీ అని పిలిచింది.

నాగలక్ష్మి ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆమెకీ భయంగా ఉంది. అడగకుండా ఉండలేని భయం అది.

"ఏమన్నా అడిగాడా మా ఆయన?"

స్టీఫెన్ కళ్లు అరుగు మీది స్టీలు గ్లాసు మీదికి వెళ్లాయి. అడుగున గుక్కెడు నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. అతని చూపు ఎక్కడికి పోయిందో నాగలక్ష్మి చూసింది. తనూ గ్లాసు వైపు చూసింది. ఇందాక తను నీళ్లడిగినప్పుడు ఈ మనిషి ఎందుకు కదల్లేదో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"అడిగాడు" అన్నాడు స్టీఫెన్. "బండిలో నీళ్ల క్యాను నిండుగా ఉంది."

నాగలక్ష్మి వెనక్కి తిరిగింది. గుప్పిట విప్పకుండానే అరుగు దగ్గరికి నడిచింది. గ్లాసుని మోచేత్తో పక్కకి జరిపి, ఎడమచేతిలో ఉన్న పసుపుగుడ్డని అరుగు మీద పరిచింది.